వీపులతో మాట్లాడుకునేవాళ్లు

సొట్టబుగ్గకు ఈర్ష్య ఎక్కువ. ఇది ఆమె వెనకాల అనే మాట కాదు, ఆమే అందరికీ చెప్పుకుంటుంది. పక్కింటావిడ కిటికీలకు కొత్త తెరలు కడితే నేరుగా వాళ్లింట్లోకి వెళ్లి, గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, కడుపు మీద అరచెయ్యి పెట్టుకుని, అక్కణ్ణుంచి మంటలు లేస్తున్నట్టు వేళ్లు ఆడించి చూపించింది. కడుపు మండిపోతోంది అని. ఆవిడ హడలిపోయి కొన్నాళ్లు తలుపు గడియ తీయలేదు. నోటితో మాట్లాడే ఈ నోటివాళ్లతో ఇదే చిక్కు. లోపల ఎంత కుళ్లుకున్నా పైకి మాత్రం "అబ్బ, ఎంత బాగున్నాయో!" అంటారు. చేతులతో మాట్లాడే సొట్టబుగ్గ వాళ్లలో ఆ మర్యాద లేదు. ఒళ్లు చేస్తే ఒళ్లు చేశావంటారు, జుట్టు ఊడితే ఊడిందంటారు, కుళ్లు పుడితే పుట్టిందంటారు. మొహం మీదే అనేసి, ఆ తర్వాత కలిసి కూర్చుని టీ తాగుతారు.

ఆమెది పుట్టుచెవుడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది కార్డుల మీద అచ్చేయడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాలేదు. అసలు పేరు, చూపుడువేలు బుగ్గలో గుచ్చి ఒక మెలిక తిప్పడం. చెవిటిపిల్లల బడిలో చేరిన కొత్తలో తోటిపిల్లలు మొహం చూసి పెట్టిన పేరది. ఇప్పుడు బుగ్గలు నిండిపోయి సొట్ట కనపడటం మానేసింది, పేరు మాత్రం ఉండిపోయింది. ఉద్యోగం కళ్లద్దాల దుకాణం వెనకగదిలో. అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం. ఊళ్లో సగం మంది ఆమె బిగించిన అద్దాల్లోంచే చూస్తారు, అయినా ఎదురుపడితే ఆమె చూపుకు ఆగలేక తల తిప్పేసుకుంటారు. పరాయి మనిషి మొహంలోకి అలా కన్నార్పకుండా చూడటం వాళ్లలో తప్పట. చూడకపోతే అవతలి మనిషి ఏం చెబుతున్నాడో ఎలా తెలుస్తుందని సొట్టబుగ్గ అడుగుతుంది. అడిగింది వాళ్లకు చేరదు, అప్పటికే తల తిప్పేసుకుని ఉంటారు కదా.

మొగుడు సోఫాల మేస్త్రి. పాత సోఫాలు, కుర్చీలు విప్పి, స్ప్రింగులు మార్చి, కొత్త పట్టీలు లాగి కట్టి, కొత్త గుడ్డ వేసి మేకులు కొట్టే పని. అతనికి చెవులు శుభ్రంగా వినిపిస్తాయి. కానీ తల్లీ తండ్రీ ఇద్దరూ చెవిటివాళ్లు కావడంతో నోటి మాటకంటే ముందు చేతి మాట వచ్చింది. అదీ మామూలుగా రాలేదు. సొట్టబుగ్గ అతన్ని మొదటిసారి చూసినప్పుడు, తమవాళ్లు అందరూ చేరిన ఒక గదిలో మధ్యన నిలబడి, కుక్క తరిమితే పోస్ట్‌మాన్ గోడెక్కిన కథ చెబుతున్నాడు. కుక్కా అతనే, పోస్ట్‌మానూ అతనే, గోడా అతనే. గదంతా పొట్టలు పట్టుకుంది. సొట్టబుగ్గ ఒక్కతే నవ్వలేదు. అతని చూపు ఎవరి మీద వాలితే వాళ్ల మీద ఆమెకు కుళ్లు పుట్టుకొచ్చింది. కథ అయ్యీ అవగానే వెళ్లి అతని చొక్కా చెయ్యి పట్టుకు లాగి, "ఇలాంటి కథలు ఇంకెవరికీ చెప్పకు. నాకు చెప్పు" అంది. పెళ్లిమాటలు అంతే. ఇంకేం మాట్లాడుకోలేదు.

ఇంట్లో అత్తగారు కూడా ఉంటుంది. మామగారు పోయాక ఆవిడే ఆ ఇంటి చట్టం. మాట్లాడుతుంటే వీపు తిప్పకూడదు. గదిలోంచి లేచి వెళ్తుంటే ఎక్కడికో చెప్పి వెళ్లాలి, చెప్పకుండా మాయమైతే అలిగినట్టు లెక్క. పిలవాలంటే భుజం తట్టు, దూరంగా ఉంటే నేల మీద కాలు తాటించు, ఇంకా దూరంగా ఉంటే లైటు ఆర్పి వెలిగించు. తెలిసిన కబురు దాచుకోకూడదు, ఒకరికి చెప్పింది అందరికీ చెప్పాలి. ఇంట్లో వెలుతురు బాగా ఉండే చోటు వంటిల్లే కాబట్టి ముగ్గురూ ఎప్పుడూ అక్కడే. కూర చల్లారిపోయేది, కబుర్లు చల్లారేవి కావు. మేస్త్రి షాపు మూసి వచ్చి, చేతులు కడుక్కుని, ఆ రోజు ఎవరి సోఫా అడుగున ఏం దొరికిందో దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు. పొద్దున్నుంచీ సొట్టబుగ్గ ఆ పూట కోసమే కాచుకుని ఉండేది.

అలాంటి మనిషికి కొన్ని నెలలుగా మాటలు తగ్గాయి. ఏమైంది ఈ రోజు అంటే, "పని." ఎవరొచ్చారు అంటే, "ఎవరో." అంతే, చేతులు రెండూ చంకల్లో దోపుకుని కూర్చుంటాడు. నోటివాళ్ల ఇంట్లో మగాడు నోరు మూసుకుని తింటే గుణవంతుడంటారు. ఈ ఇంట్లో చేతులు ముడుచుకు కూర్చోవడమంటే మొహాన తలుపేసినట్టు. "అలిసిపోయాను" అనేవాడు. నిజమే, సుత్తీ పట్టకారూ పట్టుకుని రోజంతా లాగే చేతులు. పోనీలే అని సొట్టబుగ్గ మింగుకునేది. కానీ మింగుకోవడం ఆమెకు అలవాటులేని పని.

ఈలోగా కళ్లద్దాల దుకాణంలో ఆమెను పొద్దుటి షిఫ్టుకు మార్చారు. మధ్యాహ్నానికి ఖాళీ. ఇంటికెళ్లి చేసేదేముందని మొగుడి షాపుకు వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. అక్కడ కుట్టుమిషను మీద పనిచేసే మనిషి ఒకామె ఉంది. నలభైకి దగ్గరపడుతున్నా అందరూ మిషనమ్మాయి అనే అంటారు. పాత కుట్టుపనివాడు మానేశాక చేరింది. సన్నగా, చురుగ్గా, సోఫా గుడ్డల దుమ్ముకు ఎప్పుడూ తుమ్ముతూ ఉంటుంది. మిషను కిటికీ దగ్గర, గోడవైపు తిప్పి ఉంటుంది. మేస్త్రి పనిబల్ల గదికి ఆ చివర, తలుపువైపు. ఇద్దరి వీపులూ ఒకదానికొకటి.

సొట్టబుగ్గ మూలనున్న విప్పేసిన కుర్చీలో కూర్చుని చూసేది. పని మీదికి వంగిన వాళ్ల పెదాలు అక్కణ్ణుంచి కనిపించేవి కావు. అతను కొడుతూ ఉంటాడు, ఆమె కుడుతూ ఉంటుంది. ఒక్కసారైనా తల తిప్పి ఒకరినొకరు చూసుకోరు. అరగంట గడుస్తుంది, గంట గడుస్తుంది, చూపు కలవదు. గుడ్డ ఇవ్వాల్సి వచ్చినా ఆమె వెనక్కి చెయ్యి చాపుతుంది, అతను అటు చూడకుండా అందుకుంటాడు. సొట్టబుగ్గ కుర్చీ అంచుకు జరిగింది. ఒకే గదిలో ఉంటూ మొహాలు చూసుకోకుండా ఉన్నారంటే వీళ్ల మధ్య ఎంత పెద్ద గొడవ జరిగి ఉండాలి! నోటివాళ్లు వెనక నుంచి కేకేసుకుంటారని ఆమెకు తెలుసు. కత్తెర ఇవ్వు, దారం అయిపోయింది, అలాంటివి. కానీ కబుర్లు? మొహం చూడకుండా కబుర్లు ఎవరు చెప్పుకుంటారు? తల్లి పెంపకం వల్ల మేస్త్రి ఇంట్లోనూ వీధిలోనూ ఎవరితో మాట్లాడినా మొహంలోకి చూసే మాట్లాడేవాడు. అందుకని ఆమెకు వేరే అనుమానమే రాలేదు.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పింది. ఆవిడ కూడా తలాడించింది. "చూపు లేదంటే మాట లేదు. మీ ఆయన ఏదో అని ఉంటాడు. మొండివెధవ, చిన్నప్పుడూ అంతే." మొగుడికి మాటలు ఎందుకు తగ్గాయో కూడా సొట్టబుగ్గకు తెలిసిపోయినట్టయింది. పాపం, షాపులో మాట్లాడే దిక్కులేక మనిషి బిగుసుకుపోతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరికీ సరిపడా భోజనం కట్టుకుని వెళ్లింది. మిషనమ్మాయి భుజం తట్టింది. ఆవిడ ఉలిక్కిపడటంతో సూది వేలికి గుచ్చుకోబోయింది. నోటివాళ్లను ముట్టుకుంటే షాకు కొట్టినట్టు అదిరిపడతారు. సొట్టబుగ్గ అదేం పట్టించుకోకుండా ఆవిణ్ణి మణికట్టు పట్టుకుని పనిబల్ల దగ్గరికి తీసుకొచ్చి, మొగుడి చెయ్యి లాగి ఆ చేతిలో పెట్టి, "ముందు నువ్వు క్షమించమని అడుగు. తర్వాత తిందురుగాని" అంది.

మిషనమ్మాయి ఏమైంది, ఏమైంది అన్నట్టు ఇద్దర్నీ చూసింది. మేస్త్రికి సంగతి వెంటనే తట్టింది. రెండు లోకాల్లో పెరిగినవాడు, తట్టకుండా ఉంటుందా. విడమరిచి చెప్పాల్సింది. కానీ చెబితే ఏం జరుగుతుందో కూడా అతనికి తెలుసు, పెళ్లాం కడుపులో ఎంత మంట పడుతుందో పెళ్లికి ముందే చూసినవాడు. అందుకని పిరికివాడిలా తలూపి, మిషనమ్మాయికి నోటితో ఏదో చెప్పి, ఆవిడ నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంటే, "సరే, రాజీ అయిపోయాం" అన్నాడు. సొట్టబుగ్గ తృప్తిగా డబ్బా మూత తీసింది.

తర్వాత కొద్ది రోజులకు ఎవరో నిలువుటద్దం ఉన్న అలంకరణ బల్ల ఒకటి తెచ్చి, దాని ముందు వేసుకునే పీటకు గుడ్డ మార్చమని ఇచ్చిపోయారు. బల్లను పక్కగోడకు చేరవేశారు. ఆ మధ్యాహ్నం సొట్టబుగ్గ గుమ్మంలోకి వచ్చేసరికి అద్దంలో ఇద్దరి మొహాలూ ఒకేసారి కనిపించాయి. మిషనమ్మాయి గోడవైపు చూస్తూ కుడుతోంది, ఆవిడ పెదాలు ఆడుతున్నాయి. మేస్త్రి మేకు మీద చూపు తిప్పకుండా నవ్వాడు. ఇప్పుడతని పెదాలు ఆడాయి. ఆవిడ నవ్వింది, భుజాలు ఊగాయి. మళ్లీ ఆవిడ. మళ్లీ అతను. ఒకళ్లు ఆపగానే ఇంకొకళ్లు. చేతులు చేతుల పని చేసుకుంటున్నాయి, నోళ్లు నోళ్ల పని చేసుకుంటున్నాయి.

సొట్టబుగ్గ గుమ్మంలోనే నిలబడిపోయింది. అంటే ఇన్నాళ్లూ ఆ మూల కుర్చీలో తను కూర్చుని ఉండగానే, ఆ గది నిండా మాటలు! వీపులతో మాట్లాడుకుంటున్నారు. ఒకరోజు కాదు, ఒకపూట కాదు. పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి సాయంత్రం తాళం వేసేదాకా, పని ఆగకుండా, చెయ్యి ఆడుతూ ఉండగానే, ఆవిడకు ఊరికే దొరుకుతున్నాయి. తనకు కావాలంటే అతను పని ఆపాలి, సుత్తి కింద పెట్టాలి, చేతులు కడుక్కోవాలి, అప్పటికి వాటిలో సత్తువ మిగిలి ఉండాలి. ఒళ్లంతా కారం రాసినట్టు మండింది. పైగా వీళ్లకు తను రాజీ చేసింది! భోజనం వండుకెళ్లి మరీ చేసింది. ఆ సంగతి గుర్తొచ్చేసరికి అవమానంతో కళ్లు చెమ్మగిల్లాయి. లోపలికి వెళ్లకుండానే వెనక్కి తిరిగింది.

సాయంత్రం వంటింట్లో అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. మేస్త్రి వచ్చి కూర్చున్నాడు. సొట్టబుగ్గ అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. వేలు పెట్టి చూపిస్తూనే మొదలుపెట్టింది. మనిషిని వేలెత్తి చూపడం నోటివాళ్లలో తిట్టుతో సమానం. వీళ్లలో "నువ్వు" అనాలంటే వేరే దారి లేదు. అయితే ఆ సాయంత్రం ఆ వేలు రెండు రకాలుగానూ పనిచేసింది.

"నువ్వు ఆవిడతో రోజంతా మాట్లాడతావు."

"పని చేసుకుంటూ... ఏదో ఒకటి."

"ఏంటా ఏదో ఒకటి? చెప్పు. మొత్తం చెప్పు."

"ఏముంటాయి, గుర్తులేవు."

సొట్టబుగ్గకు ఇది ఇంకా పెద్ద దెబ్బ. మాట్లాడి మర్చిపోతారా? ఆమెకు నిన్న ఎవరు ఏమన్నారో, ఏ కనుబొమ్మ ఎగరేసి అన్నారో కూడా గుర్తు. దొరికేదే పిడికెడు, పారేసుకోవడానికి మనసెలా వస్తుంది? ఇక్కడ ఒకరికి బస్తాలకు బస్తాలు వచ్చి పడుతుంటే, ఏమొచ్చాయో చూసుకోను కూడా చూసుకోవడం లేదు.

"గుర్తున్నవే చెప్పు."

మేస్త్రి తడబడుతూ చెప్పాడు. బస్సు ఆలస్యం. ఆవిడ అక్క మోకాలి నొప్పి. ఎవరిదో పిల్లి సోఫా గీరేసిన సంగతి. తన చిన్నప్పుడు అమ్మానాన్నలకు బదులు తలుపు తానే తీయాల్సి వచ్చేదని, ఒకసారి తాగుబోతు ఎవడో వస్తే తలుపు వెనక నిలబడి వాడు వెళ్లిపోయేదాకా ఊపిరి బిగపట్టానని.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదే!" సొట్టబుగ్గ రెండు చేతులూ బల్ల మీద కొట్టింది. అత్తగారు కూడా ఒలవడం ఆపింది. ఆవిడకూ ఈ కబురు కొత్తదే.

"మాటల్లో మాటొచ్చింది, చెప్పాను."

"నాకెప్పుడొస్తుంది మాటల్లో మాట? మాటలే లేవుగా!" ఇంకా ఆగలేదు. "నేను రాజీ చేయిస్తుంటే ఇద్దరూ నవ్వుకున్నారు. నన్ను కోతిని చేశావు. ఆవిడ నీకు ఏమవుతుందని?"

మేస్త్రి నేలకేసి చూశాడు. అత్తగారు బఠాణీల పళ్లెం మీదుగా వంగి కొడుకు గడ్డం పట్టుకుని పైకెత్తింది. "కోడలు మాట్లాడుతుంటే నేలను చూస్తావా? ఇదేనా నేను నీకు నేర్పింది?"

అప్పుడతను ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చేయని పని చేశాడు. చేతులు రెండూ బల్ల కిందకు తీసుకుని, కళ్లు మూసుకున్నాడు. సొట్టబుగ్గ భుజం కుదిపింది. బల్ల మోదింది, పళ్లెంలో బఠాణీలు ఎగిరి నేల మీదకు దొర్లాయి. అతను కళ్లు తెరవలేదు. నోటివాళ్లు కోపం వస్తే అరుస్తారు, చెవులు మూసుకున్నా ఎంతో కొంత చేరుతుంది. కళ్లు మూసుకున్న మనిషి ముందు ఆమె ఎంత గింజుకున్నా ఒక్క అక్షరం కూడా చేరదు. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. ఎక్కడికో చెప్పలేదు.

మర్నాడు మేస్త్రి ఎవరింటికో కుర్చీలు దింపడానికి వెళ్లిన సమయం చూసుకుని షాపుకు వెళ్లింది. మిషనమ్మాయి ఎదురుగా స్టూలు వేసుకుని, మోకాళ్లకు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఆవిడ వెనక్కి జరగబోయింది, వెనక మిషను ఉంది. సొట్టబుగ్గ ఆవిడకు కూడా అర్థమయ్యేలా నెమ్మదిగా చూపించింది. నువ్వు. అతను. నోళ్లు ఆడటం, ఆడటం, ఆడటం. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు వాలేదాకా. తర్వాత తన కడుపు మీద చెయ్యి పెట్టి మంటలు లేపింది.

మిషనమ్మాయి మొహం ఎర్రబడింది. గుండె మీద చెయ్యి వేసుకుని "అన్నయ్య" అంది. ఒకటికి నాలుగుసార్లు అంది. అన్నయ్య అనే మాటకు పెదాలు కదలవు. పాపం, ఇన్నాళ్లూ రోజంతా ఆవిడ మేస్త్రిని అలాగే పిలుస్తోంది, ఆ చుట్టరికం తెలియాల్సిన మనిషికి ఒక్కసారీ అందలేదు. అందినా లాభం ఉండేది కాదేమో. అన్న అయితే మాటలు మాటలు కాకుండా పోతాయా?

అప్పుడు మిషనమ్మాయి లేచింది. పనిబల్ల దగ్గరికి వెళ్లి మేస్త్రిలా నడుం వంచి, సుత్తి పట్టుకుంది. ఎత్తింది. సుత్తి చేతిలోంచి జారి నేల మీద పడింది. వంగి తీసుకుంది, మళ్లీ జారవిడిచింది. కుడిచేతి మూడు వేళ్లు పట్టుకుని గిల్లి చూపించింది, ఏమీ తెలియడం లేదన్నట్టు మొహం పెట్టింది. మెడలో గొట్టం వేసుకున్న డాక్టరయింది. మణికట్టు పట్టి చూసి, సుత్తి వైపు చూపి, వద్దని వేలు ఊపింది. వేళ్లు మెల్లగా లోపలికి ముడుచుకుపోయినట్టు పిడికిలి బిగించి, అది తెరుచుకోవడం లేదని చూపించింది. పట్టీలు లాగేది, గుడ్డ బిగించేది ఇప్పుడు తనేనని తన చేతుల్లోని కాయలు చూపింది. ఆఖరికి ఒక వేలు పెదాల మీద పెట్టుకుని, ఆ వేలితోనే సొట్టబుగ్గను చూపించింది. ఆమెకు చెప్పొద్దన్నాడు అని.

ఇంతసేపూ చూస్తూ కూర్చున్న సొట్టబుగ్గ ఆ ఆఖరి వేలు దగ్గర లేచి నిలబడింది. మొగుడి వేళ్లు చచ్చిపోతున్నాయి. ఆ వేళ్లే ఆమెకు మాట, ఆ వేళ్లే ఆమెకు కథ, పోస్ట్‌మానూ కుక్కా గోడా అన్నీ వాటిలోనే. అయినా ఆ భయం మీద కూడా ఈర్ష్య నూనెలా తేలింది. జబ్బు కూడా ముందు ఈవిడకే చెప్పాడు.

ఆ సాయంత్రం మేస్త్రి వంటింట్లోకి అడుగు పెట్టగానే అత్తగారు అతని కుడిచెయ్యి లాక్కుని వేళ్లు ఒక్కొక్కటే గిల్లింది. చిటికెన వేలికి అదిరాడు, దాని పక్కదానికి కాస్త. మిగతా వాటికి కదల్లేదు. "నాలుగు నెలలుగా నీ మాట ముద్దముద్దగా వస్తోంది" అంది ఆవిడ. "నోటివాళ్లతో తిరిగి బద్ధకం నేర్చుకున్నావనుకున్నాను."

"డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్లావు?" సొట్టబుగ్గ అడిగింది.

"చలి మొదలవక ముందు."

"ఆవిడకి ఎప్పుడు చెప్పావు?"

"ఆ రోజే."

ఆ రోజే! జబ్బు కంటే ఆ మాట ఎక్కువ నొప్పెట్టింది. సిగ్గుపడాల్సిన సంగతే గానీ నిజం.

"నీకు చెప్పాలంటే చేతులతోనే చెప్పాలి" అన్నాడు మేస్త్రి. వేళ్లు నిజంగానే ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. "చెప్పబోతే అవే పట్టిస్తాయి. నోటితోనైతే ఏం వణకదు. పట్టీలు లాగలేకపోయాను, ఆవిడ చూసింది, చెప్పాల్సొచ్చింది. నీకు తెలిస్తే షాపు మూసెయ్యమంటావు."

"మూసెయ్."

"మూసి ఏం చెయ్యను? నాకు వచ్చింది అదొక్కటే."

"ఆ సోఫాలంటే నాకు కుళ్లు" అంది సొట్టబుగ్గ. "ఆవిడ కంటే ముందు వాటి మీదే కుళ్లుకోవాల్సింది. ఎవరెవరో ఒళ్లు వాల్చడానికి నీ వేళ్లు అరగదీసి, మిగిలిన తునకలు నాకు తెచ్చి పెడుతున్నావు. ఎంగిలి మాటలు!"

అత్తగారు మధ్యలో భుజం తట్టింది. "ఆ పిల్లకి సుత్తి ఇచ్చెయ్. ఎలాగూ సగం పని అదే చేస్తోంది. నువ్వు పక్కన నిలబడి నేర్పు, కొలతలు చూడు, వచ్చేవాళ్లతో మాట్లాడు. చేతులకు సెలవు."

మంచి సలహానే. మేస్త్రి మొహంలో కూడా కాస్త వెలుగొచ్చింది. ఒక్క సొట్టబుగ్గకే అది మింగుడుపడలేదు. పక్కన నిలబడి నేర్పడమంటే దేనితో నేర్పుతాడు? నోటితో. ఇప్పటిదాకా కనీసం సుత్తి చప్పుడు అయినా వాళ్ల మాటలకు అడ్డొచ్చేదేమో. ఇక చేతులు ఖాళీగా పెట్టుకుని రోజంతా ఆవిడ పక్కనే, మాట తప్ప వేరే పనే లేకుండా! ఆ వేళ్లు తనకు దక్కాలంటే ఆ నోరు పూర్తిగా ఆవిడకు రాసివ్వాలి. "వద్దు" అనేసింది. ఎందుకు వద్దో మాత్రం, మొహం మీదే అన్నీ చెప్పే మనిషి, మొదటిసారి చెప్పలేకపోయింది. మేస్త్రి మర్నాడు మళ్లీ సుత్తి పట్టుకున్నాడు.

ఆ వారం తమవాళ్లందరూ వీళ్ల వంటింట్లోనే చేరారు. కథ చెప్పమని మేస్త్రిని లాగి మధ్యలో నిలబెట్టారు. అతను మొదలుపెట్టాడు. దొంగ ఒకడు కిటికీలోంచి దూరుతూ ఇరుక్కుపోయిన కథ. సొట్టబుగ్గ పొయ్యి దగ్గర నిలబడి, ఎప్పటిలాగే, చూస్తున్న వాళ్లందరి మీదా కుళ్లుకుంటోంది. సగంలో ఉండగా, ప్రెస్సులో అక్షరాలు పేర్చి రిటైరైన ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. "ఏంటిది? దూరింది దొంగా, బాతా? తాగొచ్చావా? నీ మాట ఒక్క ముక్క అర్థం కావట్లేదు."

మనసులో ఏమీ లేకుండానే అన్నాడు, వాళ్లలో అలాగే అంటారు. గదంతా నవ్వింది. మేస్త్రి మళ్లీ ప్రయత్నించాడు. వేళ్లు కిటికీ కాలేకపోయాయి. ఇంకోసారి. తర్వాత చేతులు మెల్లగా కిందకు దించి, అందరికీ నవ్వుతూ తలూపి, మధ్యలోంచి తప్పుకుని గోడ పక్కన కూర్చున్నాడు. ఇంకెవరో లేచి ఇంకో కథ అందుకున్నారు. సొట్టబుగ్గ అతని వంకే చూస్తోంది. పెళ్లికి ముందు తను అడిగింది ఇదే, ఇంకెవరికీ చెప్పకు అని. ఇప్పుడు నిజంగానే ఎవరికీ చెప్పడం లేదు. వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి వీడ్కోళ్లు చెప్పుకోవడానికి మామూలుగానే బోలెడు సేపు పట్టింది. ఆ సేపంతా ఆమె అతని మణికట్టు వదల్లేదు.

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి మొగుడితో పాటు షాపుకు బయల్దేరింది. మిషనమ్మాయి అప్పటికే వచ్చి మిషనుకు నూనె వేస్తోంది. సొట్టబుగ్గ పనిబల్ల మీది సుత్తి తీసుకుంది, పట్టకారు తీసుకుంది. ఈసారి ఆవిడ వెనక నుంచి భుజం తట్టలేదు, చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడింది. రెండూ ఆవిడ చేతుల్లో పెట్టింది. మేస్త్రిని తీసుకొచ్చి ఆవిడ పక్కన నిలబెట్టింది. కడుపులో మంట ఏమాత్రం తగ్గలేదు. తగ్గిందని ఎవరైనా అంటే అబద్ధం.

మేస్త్రి నోటి మీద తన వేలు పెట్టి, ఆ వేలు తీసుకెళ్లి మిషనమ్మాయి ముందు పెట్టింది. అతని రెండు చేతులూ పట్టుకుని తన గుండెకు అదుముకుంది.

మిషనమ్మాయి సుత్తి పట్టుకుని అయోమయంగా అతని వైపు తిరిగింది. "వదిన ఏమంటోంది అన్నయ్యా?"

మేస్త్రి చేతులు విడిపించుకోబోయాడు, ఆమె వదల్లేదు. నోటితోనే చెప్పక తప్పలేదు. చెవులదాకా ఎర్రబడి, గొంతు సవరించుకుని, "నోరు నువ్వు తీసుకో అంటోంది" అన్నాడు. "చేతులు మాత్రం తనవట."

సొట్టబుగ్గ రెప్పవేయకుండా అతని పెదాలనే చూస్తోంది, ఒక్క ముక్క తగ్గించి చెబుతాడేమోనని.